పాత సామాన్లోనికి ఏసే ముందు గ్లాసు అడుగు చూడుండ్రి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీల అమెరికా కార్నివాల్ గ్లాసు, అంటే పైన రంగురంగులు మెరిసే పాత గాజు సామాను, దాని మీద వచ్చిన వ్యాసం చదివిన. ఫోటోలైతే మస్తున్నయ్, కానీ అవేవో దొరల బంగ్లాలల్ల వాడిన సామాన్లు అన్నట్టు, ఒక్కొక్కటి లక్షలు పలుకుతది అన్నట్టు రాసిండ్రు, అది చదివి మా హన్మకొండల ఇద్దరు ముగ్గురు ఆన్‌లైన్‌ల వెతుకుడు షురూ చేసిండ్రు, అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతేందంటే అది మామూలోళ్ళ ఇండ్ల కోసం చేసిన సరుకు. రంగులు మెరిసే గాజు అమెరికాల పేరుమోసిన టిఫానీ కంపెనీ వాళ్ళు చేసేటోళ్ళు, అది పైసలున్నోళ్ళకే. 1907ల వెస్ట్ వర్జీనియా రాష్ట్రంల విలియమ్స్‌టౌన్‌ల ఉన్న ఫెంటన్ కంపెనీ ఏం చేసిందంటే, అచ్చుల నొక్కి తీసిన గిన్నె ఇంకా వేడి మీద ఉండంగనే దాని మీద ఇనుము, తగరం లాంటి లోహ లవణాలు కలిపిన నీళ్ళు స్ప్రే కొట్టింది. పైన సన్నటి పొర పడుతది, వెలుతురుల అటూ ఇటూ తిప్పితే రంగులు మారుతయి, అంతే ఉపాయం. దాని ఎనకనే అదే రాష్ట్రంల వీలింగ్ ఊర్ల హ్యారీ నార్త్‌వుడ్ కంపెనీ, ఒహాయోల ఇంపీరియల్, ఇంకో రెండు మూడు కంపెనీలు దిగినయ్. మూత ఉన్న వెన్న గిన్నె, చక్కెర గిన్నె, పాల జగ్గు, స్పూన్లు నిలవెట్టే గ్లాసు ఈ నాలుగు కలిపితే ఒక టేబుల్ సెట్టు, ఇట్లాంటివి ఇంటింటికీ చేరినయ్. దానికి పేదోళ్ళ టిఫానీ అని పేరు పడ్డది. మోజు తగ్గినంక మిగిలిన సరుకు అక్కడి కార్నివాల్‌లల్ల, అంటే తిరునాళ్ళల్ల, బహుమతుల కింద పోయింది, మన జాతరల రింగులేసి సబ్బుబిళ్ళ గెలిచినట్టు అన్నమాట.

ఇగ ధర ముచ్చట. బంగారు నారింజ రంగుది, మారిగోల్డ్ అంటరు, అది అన్నిటికంటే ఎక్కువ చేసిండ్రు కాబట్టి మామూలు ధరకే దొరుకుతది. ఎరుపు మాత్రం తక్కువ, 1920లల్ల వచ్చింది, అది చెయ్యాలంటే సెలీనియం అనే మూలకం గాజుల కలపాలె, ఖర్చు ఎక్కువ. నార్త్‌వుడ్ వాళ్ళ నెమళ్ళ డిజైన్ ప్లేట్లు ఉన్నయి, కంచె మీద రెండు నెమళ్ళు, నాకైతే అవే ఇష్టం, అందుల కూడా రంగును బట్టే ధర. రంగు తెల్వాలంటే పైన మెరుపు చూస్తే కాదు, అడుగును లైటుకు ఎదురుంగ పెట్టి చూడాలె, నల్లగ కొట్టేది వంగపండు రంగు కావొచ్చు, బంగారం లెక్క కనబడేదాని అసలు గాజు ఏ రంగూ లేనిది కావొచ్చు.

మోసం ఎక్కడ జరుగుతదంటే గుర్తుల కాడ. ఫెంటన్ వాళ్ళు ఆ పాత సరుకు మీద పేరు వెయ్యలేదు, కోడిగుడ్డు ఆకారంల పేరు అచ్చు వేసుడు 1970ల మొదలువెట్టిండ్రు. అంటే అడుగున ఫెంటన్ అని ఉన్న ప్లేటును 1910 నాటిది అని ఎవడన్న అమ్మితే వాడు చెప్పేది అబద్ధమే, ఇంక ఆలోచించే పని లేదు. నార్త్‌వుడ్ గుర్తు గుండ్రంల గీత మీద ఎన్ అక్షరం, కానీ వాళ్ళు అన్నిటి మీదా వెయ్యలేదు, పైంగ తర్వాత అదే గుర్తుతోని నకిలీలు కూడా వచ్చినయ్. ద్రాక్షగుత్తుల డిజైన్ నీలం గిన్నెలు చానా కనబడుతయి ఆన్‌లైన్‌ల, అందుల చానా మట్టుకు ఇండియానా గ్లాస్ కంపెనీ 1970లల్ల చేసినయే, అందంగనే ఉంటయి, వాడుకోండ్రి, కానీ ఆంటిక్ ధర పెట్టకుండ్రి.

నేను అసలు రాయాలనుకున్నది ఇది కాదు. ఇదే రకం గాజు మన దేశంల కూడా చేసిండ్రు, మీ వ్యాసంల ఒక్క ముక్క లేదు. ఉత్తరప్రదేశ్‌ల గాజుల ఊరు ఫిరోజాబాద్‌ల జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్ళు పొడుగు గ్లాసులు, చేప ఆకారం పూలకుండీలు, ఏనుగువి, చెయ్యి ఆకారంవి చేసిండ్రు, పైన అదే మెరుపు. కొన్నిటికి గ్లాసు అడుగున ఇంగ్లీషుల జైన్ అని ఉంటది. బయటి దేశాల కలెక్టర్లు వీటి కోసం ప్రత్యేకంగ వెతుకుతరు, మన దగ్గరనేమో ఇల్లు కూలగొట్టేటప్పుడు అటక మీది సామాను మొత్తం పాత సామాన్లోనికి తూకం మీద ఏస్తున్రు. వరంగల్ల మట్టెవాడ సైడు పాత ఇండ్లు ఎన్ని పోతున్నయో మీకు తెల్వంది కాదు. మా మేనత్త ఇంట్ల ఇసొంటి గ్లాసులే ఉండె, నేను అడిగి తెచ్చుకున్న, ఎవ్వరన్న వస్తే మజ్జిగ అందులనే పోసిస్త, షోకేసుల పెట్టి తాళం ఏసుడు నాకు నచ్చదు. కాకపోతే పీచు, బూడిద వెట్టి తోమొద్దు, పొర గీతలు వడుతది. చల్లటి గ్లాసుల సలసల కాగిన చాయ్ పోసుడు అసలే వద్దు, పగులుతది.

కాబట్టి సార్, వచ్చే వారం అమెరికా ఫోటోల పక్కన ఈ ఫిరోజాబాద్ గ్లాసుల ఫోటోలు కూడా వెయ్యుండ్రి, ముఖ్యంగ అడుగు భాగం కనబడేటట్టు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కు పాత ఇండ్లు ఖాళీ చేసేటోళ్ళు అది చూసైనా ఒకసారి తిప్పి చూస్తరు.

ఇట్లు,
మీ పాఠకుడు, హన్మకొండ