ఒక్క ట్రాన్స్‌ఫారం, పదహారు మోటార్లు

సంపాదకులకు నమస్కారం.

రబీ నాట్లు పడ్డాక ఏ పల్లెలో విన్నా ఒకటే గోడు: ట్రాన్స్‌ఫారం కాలింది, మడి ఎండుతోంది. నింద కరెంటోళ్ల మీదకు పోతుంది. కానీ ఆ ట్రాన్స్‌ఫారం కింది రైతులు ఒక్కమాట మీద నిలబడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

100 కేవీఏ ట్రాన్స్‌ఫారం మోసేది ఫేజుకు 133 ఆంపియర్లు. నడిచే 5 హెచ్‌పీ మోటారు సుమారు 8 లాగుతుంది. అంటే 16 మోటార్లకే అది నిండిపోతుంది. అసలు చిక్కంతా ఆన్ అయ్యే క్షణంలోనే. ఆ కొద్ది సెకన్లూ ఒక్కో మోటారు ఆరు రెట్లు లాగుతుంది. అందరికీ ఆటో స్టార్టర్లుంటే, పోయిన కరెంటు రాగానే పదహారూ ఒక్కసారే లేస్తాయి. లెక్క వేస్తే 768 ఆంపియర్లు! ఓల్టేజీ పడిపోతుంది, మోటారు వేగం అందుకోలేక మూలుగుతుంది, వైండింగు మాడుతుంది. ఫ్యూజు పోయిందని లావు తీగ చుట్టారంటే ఇక కాలడానికి మిగిలేది ట్రాన్స్‌ఫారమే.

ఆటో స్టార్టర్లు అందరూ ఒకే రోజున తీసేయాలి. ఒక్కరు ఉంచుకున్నా, ‘వాళ్ల మడే ముందు తడుస్తోంది’ అని నాలుగు రోజుల్లో మిగతావాళ్లూ మళ్లీ బిగిస్తారు. కరెంటు వచ్చాక నాలుగేసి మోటార్ల చొప్పున, రెండేసి నిమిషాల ఎడంతో వేసుకోవాలి. ముందు వేసే వంతు వారానికోసారి మారాలి, లేకపోతే పేచీ తప్పదు.

5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లాగే కరెంటు దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. ఒక్కరే పెడితే ట్రాన్స్‌ఫారానికి తేడా తెలియదు. పదహారు మందీ పెడితే రెండు మోటార్లకు పైగా భారం దిగిపోతుంది. కెపాసిటర్‌ను స్టార్టరు తర్వాత, మోటారు వైపే కలపాలి. అప్పుడే మోటారుతో పాటు అదీ ఆగుతుంది.

ఫ్యూజు జోలికి ఏ రైతూ వెళ్లకూడదు. ట్రాన్స్‌ఫారానికి వచ్చే కరెంటును ఆపే ఏబీ స్విచ్ దించి లైన్‌మ్యానే వేయాలి. తొందరపడి చెయ్యి పెట్టిన రైతుల ప్రాణాలు పోతున్నాయి. అందుకే లైన్‌మ్యాన్‌కు ఫోన్ చేసే బాధ్యత ముందే ఒకరికి అప్పగించుకోవాలి.

ఆయిలు కారుతోందా, లోపలికి తేమ పోకుండా పీల్చుకునే, నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందా అన్నది దూరం నుంచి చూసినా తెలుస్తుంది. ఎండాకాలంలో కరెంటు లేని వేళ చూసి ఎర్తింగు గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయడానికి మాత్రం పేరుపేరునా వంతులు రాసుకోవాలి. ఎవరిదీ కాదని అందరూ ముందుగా వదిలేసే పని అదే.