మను దిబాంగో సంగతి

బుజ్జికి,

ఫోన్‌లో చెబితే సగం వినకుండానే "సరే నాన్నా" అంటావు. అందుకే రాస్తున్నాను. నువ్వు తీసిన రీడింగులు, గీసిన గ్రాఫులు ఇంకో కుర్రాడి ప్రజెంటేషన్‌లో నీ పేరు లేకుండా కనిపించాయన్నావు. వెంటనే "పోనీలే, గొడవెందుకు" అని నువ్వే అన్నావు. ఆ "పోనీలే" వినగానే నాకు మను దిబాంగో గుర్తొచ్చాడు.

పేరు తెలియకపోయినా ఆయన పాట నువ్వు విన్నదే. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో మొదటి పాట చివర "మమ సే మమ సా" అంటూ పదే పదే వస్తుందే, దాని మూలం దిబాంగోది. ఆఫ్రికా దేశమైన కామెరూన్‌లోని డువాలా నగరంలో 1933లో పుట్టిన శాక్సోఫోన్ కళాకారుడు ఆయన.

పదిహేనేళ్ల వయసులో, 1949లో, చదువు కోసం ఓడెక్కించి ఫ్రాన్స్ పంపారు. మూడు వారాల ప్రయాణం. అక్కడ ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి ఖర్చుల కింద ఇవ్వమని తండ్రి మూడు కిలోల కాఫీ ఇచ్చి పంపాడు. యుద్ధం అయిపోయిన కొత్తలో అక్కడ కాఫీకి అంత విలువ మరి! తర్వాత ఆత్మకథకు ఆయన 'మూడు కిలోల కాఫీ' అనే పేరే పెట్టుకున్నాడు. ఇంతకీ ఆయన చేరిన ఊరేదో తెలుసా? సెన్‌కలే. నువ్వు చదువుకుంటున్న ల్ మాన్ ఉన్న సార్త్ జిల్లాలోనే. ఎప్పుడైనా సెలవు రోజున వెళ్లి చూసిరా.

ఆయన తల్లి చర్చిలో పాటలు పాడించేది, కాబట్టి సంగీతం ఇంట్లోనే అబ్బింది. శాక్సోఫోన్ మాత్రం ఫ్రాన్స్‌లోనే పట్టుకున్నాడు. ఫ్రాన్సిస్ బెబే అనే సాటి కామెరూన్ కుర్రాడు జాజ్ రుచి చూపించాడు. ఆ పిచ్చిలో చదువు పక్కకెళ్లింది, ఫైనల్ పరీక్ష తప్పాడు. తండ్రి డబ్బు పంపడం మానేశాడు. (నువ్వు కంగారు పడకు, నీ ఫీజు సోమవారం వేస్తాను. ఆ తండ్రి కోపం మాత్రం నాకు బాగానే అర్థమవుతుంది.) పొట్టకూటి కోసం బ్రసెల్స్ వెళ్లి క్లబ్బుల్లో వాయించాడు. 1960లో బెల్జియం పాలనలోని కాంగో స్వాతంత్ర్య చర్చలు అక్కడే జరిగాయి. ఆ సందర్భంగా వచ్చిన జోసెఫ్ కబాసెలే బృందం పేరు 'ఆఫ్రికన్ జాజ్'. ఆ పరిచయంతో ఆ బృందంలో చేరి కాంగో రాజధానికి వెళ్లాడు. పరీక్ష పాసయ్యుంటే ఏదో ఆఫీసులో ఉద్యోగం చేసుకునేవాడేమో.

ఇక అసలు పాట. 1972లో ఆఫ్రికా కప్ ఫుట్‌బాల్ పోటీలు కామెరూన్‌లో జరిగాయి. వాటి కోసం ఆయనతో ఒక పాట చేయించారు. రికార్డు వెనకవైపు ఖాళీగా ఉండకూడదని అక్కడ 'సోల్ మకోసా' పెట్టారు. మకోసా అంటే డువాలా వాళ్ల డాన్స్ సంగీతం. కామెరూన్ సెమీఫైనల్లో కాంగో (బ్రాజావిల్ రాజధానిగా ఉన్న ఇంకో కాంగో) చేతిలో ఓడిపోయింది, ముందువైపు పాటను జనం మర్చిపోయారు. వెనకవైపు పాట మాత్రం న్యూయార్క్ చేరింది. డేవిడ్ మన్‌కూసో అనే డీజే దాన్ని తన పార్టీల్లో వేశాడు, రేడియో అందుకుంది. షాపుల్లో అసలు రికార్డు దొరక్క, ఇతర బృందాలు దాన్నే పాడి అమ్ముకున్నాయి! చివరికి 1973లో అసలుదే అమెరికా బిల్‌బోర్డ్ పాటల చార్టులో 35వ స్థానం దాకా వెళ్లింది.

పదేళ్ల తర్వాత జాక్సన్ ఆల్బమ్‌లో ఆ పల్లవి పోలిక వినిపించింది, ఈయన పేరు ఎక్కడా లేదు. అంతటి స్టార్‌తో మనకెందుకులే అని ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. దావా వేశాడు. 1986లో కోర్టు బయట రాజీ కుదిరి డబ్బు చేతికొచ్చింది. 2007లో రిహానా పాటలో మళ్లీ అదే పల్లవి వచ్చింది. 2009లో పారిస్ కోర్టుకెక్కాడు, ఈసారి కేసు నిలవలేదు. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు.

నాకు నచ్చేది కోర్టు సంగతి కాదు. కేసులు నడుస్తున్నా ఆయన వాయించడం ఆపలేదు. ఆ కేసులకు ముందే, 1970లలో, అబిజాన్ వెళ్లి ఐవరీ కోస్ట్ రేడియో టీవీ ఆర్కెస్ట్రాను నడిపాడు. ఇథియోపియా కరువు కోసం ఆఫ్రికా కళాకారులను కూడగట్టి రికార్డు చేశాడు. 2020 మార్చి 24న కోవిడ్‌తో పోయాడు, 86 ఏళ్లకు. ఆ మహమ్మారి తొలి రోజుల్లో మనం పోగొట్టుకున్న పేరున్న కళాకారుల్లో ఆయనొకడు. అప్పటి ఆంక్షల వల్ల అంత్యక్రియలకు జనం వెళ్లలేకపోయారు.

నువ్వు దావా వేయనక్కర్లేదులే. మీ ప్రొఫెసర్‌కి రెండు లైన్ల మెయిల్ రాయి: ఆ రీడింగులు నేను తీసినవి, వాడిన చోట నా పేరు ఉండాలి అని. కోపంగా రాయకు, సారీ అని కూడా మొదలుపెట్టకు. నీకు "సారీ" అలవాటు ఎక్కువ. ఆ కుర్రాడితో మాట్లాడటం మానేయకు, అతను నిజంగానే మర్చిపోయి ఉండొచ్చు.

ఆయన 1985 ఆల్బమ్ 'ఎలక్ట్రిక్ ఆఫ్రికా' కూడా విను. అమెరికా జాజ్ కళాకారుడు హెర్బీ హాంకాక్ అందులో కీబోర్డు వాయించాడు. ధ్వని మీద చదువుతున్నావు కదా, ఆ శాక్సోఫోన్ గొంతు అంత బరువుగా ఎందుకు వినిపిస్తుందో నాకు అర్థమయ్యేలా రాయి.

ఉంటాను,
నాన్న