నెల్లూరు పిల్లల ఐసీయూ నుంచి కృతజ్ఞతలు

రోజుల తరబడి ఈఈజీ (మెదడు కరెంటును గీతలుగా చూపే పరీక్ష) నడపడం దగ్గరుండి నేర్పిన చెన్నై టెక్నీషియన్లకు, అర్ధరాత్రి పంపినా గీతలు చూసి బదులిచ్చిన న్యూరాలజిస్టులకు, కావలి, ఒంగోలు నుంచి వచ్చి తలో చెయ్యి వేసినవాళ్లకు మా దండాలు.

మెదడువాపు, తలదెబ్బ, గుండె ఆగి మళ్లీ కొట్టుకోవడం: ఈ పిల్లల్లో ఫిట్స్ తరచుగా కంటికి కనబడవు. కాలూ చెయ్యీ కదలదు, లోపల మాత్రం నడుస్తుంటుంది. వెంటిలేటర్ మీద కండరాలు సడలే మందు పడితే ఇక చూసి కనిపెట్టడం కుదరదు. అరగంట రికార్డింగులో దొరక్కపోవచ్చు. అందుకే 2015లో అమెరికన్ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సొసైటీ కనీసం 24 గంటలు పెట్టమంది.

టెక్నీషియన్లు ముందు నేర్పింది తల శుభ్రం చేయడం. మన పిల్లల తలకు కొబ్బరినూనె ఉంటుంది, దాని మీద లీడు (తలకు అంటించే తీగ) నిలవదు. షాంపూ నీళ్ల గుడ్డతో జిడ్డు తీసి, ఆరనిచ్చి, టేపుతో తల కొలిచి 10-20 పద్ధతిలో, అంటే కొలతలో 10, 20 శాతం దూరాల్లో, గుర్తులు పెట్టాలి. గుర్తు పెట్టిన చోట మాత్రమే గరుకు జెల్‌తో మెల్లగా రుద్ది, పేస్టు పెట్టి, పైన గాజుగుడ్డ ముక్క అద్దాలి. ఇంపెడెన్స్, అంటే చర్మానికీ లీడుకూ మధ్య కరెంటుకు అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. తీగలన్నీ జడలా అల్లితే గదిలోని కరెంటు సరఫరా వల్ల గీతల్లో కలిసే 50 హెర్ట్జ్ గోల తగ్గుతుంది. ఈ ఒక్క చిట్కాకే వాళ్లకు ఎంతో రుణపడ్డాం.

లయగా కనబడే ప్రతి గీతా ఫిట్స్ కాదు. వెంటిలేటర్ గొట్టంలో నీరు ఊగినా, బిడ్డ వీపు తట్టినా అలాగే వస్తుంది. చెమట పడితే గీత మెల్లగా పైకీ కిందికీ తేలుతుంది. వీడియో పక్కన ఉండాలి, ఏ మందు ఎన్నింటికి వేశారో రాయాలి. గంటల రికార్డింగును కుదించి చూపే రంగుల గ్రాఫులో అనుమానం వస్తే అసలు గీతలు తెరిచి చూడాలి. ఏ గంటలోనైనా ఫిట్స్ మొత్తం 12 నిమిషాలకు చేరితే అది స్టేటస్ (ఆగకుండా సాగే ప్రమాదకరమైన ఫిట్స్ స్థితి), వెంటనే ఫోన్ చేయాల్సిందే.

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. బిడ్డకు షాక్ ఇస్తారేమో, జుట్టు గొరుగుతారేమో అని భయపడి కూడా ఒప్పుకున్నారు. రెండూ జరగవు. మెదడులో పుట్టే సన్నని కరెంటును యంత్రం నమోదు చేస్తుంది, అంతే.

ఇక సిస్టర్లు. ఎండిన పేస్టు మార్చి, ఊడిన లీడు తిరిగి అంటించి, నుదుటి మీదా తల వెనకా చర్మం కందిందేమోనని ప్రతి షిఫ్టులో చూసిన మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు.