పిల్లల విదేశీ పౌరసత్వం, పెద్దల పొలం

సంపాదకులకు,

అయ్యా,

విదేశాలలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకుంటున్న మన పిల్లల గురించి పత్రికలలో తరచూ వార్తలు వస్తున్నాయి. వీసాల సంగతి, అమెరికాలో శాశ్వత నివాసానికి ఇచ్చే గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి నిరీక్షణ సంగతి వాటిలో వివరంగానే ఉంటున్నాయి. ఆ పౌరసత్వం మాట విని ఇక్కడ మిగిలిన తల్లిదండ్రులు తమ పొలాలను ఏం చేస్తున్నారో మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. చిత్తూరులో చాలాకాలం దస్తావేజులు రాసినవాడిగా నాకు తెలిసినంతవరకు ఆ సంగతి మీ పాఠకుల ముందుంచుతున్నాను.

బంగారుపాళ్యం, తవణంపల్లె, ఐరాల వైపు ఊళ్లలో ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. కొడుకో కూతురో విదేశీ పౌరులైతే వాళ్లకు ఇక్కడి పొలం దక్కదని, పెద్దల తదనంతరం అది ప్రభుత్వపరం అవుతుందని చెప్పుకుంటున్నారు. తోతాపురి మామిడికి ధర లేని ఏడు ఈ మాట మరింత జోరుగా తిరుగుతుంది. తిప్పేది ఎవరో చెప్పనక్కరలేదు, తోపు బేరానికి వచ్చే దళారీ నోటే మొదట వినబడుతుంది. భయపడి అయినకాడికి అమ్ముకున్నవారిని నేను చూశాను.

నిజానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వారసులను గుర్తించేటప్పుడు వారి పౌరసత్వం అడగదు. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా కింద ఉన్న నిబంధనలు కూడా, ఇక్కడ నివసిస్తున్న తల్లిదండ్రుల నుంచి ప్రవాస భారతీయులకు గాని, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నవారికి గాని వ్యవసాయ భూమి వారసత్వంగా రావడాన్ని అనుమతిస్తున్నాయి. వారికి లేనిది ఆ భూమిని కొనే హక్కు. ఇల్లు, ఫ్లాటు కొనవచ్చును గాని పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనరాదు. వారసత్వంగా వచ్చిన పొలాన్ని తరువాత అమ్మదలచుకుంటే, ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి.

ఇంతకన్నా పెద్ద చిక్కు అమ్మనివారికి ఎదురవుతోంది. వారసత్వంగా రాగల వ్యవసాయ భూమి విదేశంలో ఉన్న బిడ్డకు దానంగా మాత్రం రాకూడదు. మన జిల్లాలో తండ్రి బతికుండగానే పొలాన్ని దాన సెటిల్‌మెంటు కింద పిల్లల పేరుకు మార్చడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఖర్చు తక్కువ, పాసుపుస్తకంలో పేరు వెంటనే మారుతుంది. పిల్లలు ఊళ్లోనే ఉన్నంతకాలం అందులో తప్పు లేదు. నేను పని మానుకున్న తరువాత ఒక పెద్దాయన ఇటువంటి కాగితమే రాయించుకుందామని మా ఇంటికి వచ్చారు. సంచిలో పాసుపుస్తకం, 1-బి (భూమి హక్కుల రికార్డు) నకలు, కొడుకు అమెరికా పాస్‌పోర్టు జిరాక్సు, ఎప్పుడో తీయించిన ఆధార్ కార్డు ఉన్నాయి. “పిల్లోడు అమెరికావోడని రాయొద్దు సార్, ఆధార్‌లో మనూరి అడ్రసే ఉంది గదా, అదే రాసేయండి. నా కండ్ల ముందరే వాడి పేరుకు ఎక్కిస్తే నాకు నిమ్మళం” అన్నారు. బయట ఒకరు ఆయనకు అలాగే చేయవచ్చని చెప్పి పంపారట. అలా రాస్తే రిజిస్ట్రేషను అయిపోతుంది కూడా, ఎందుకంటే పుచ్చుకునేవారు ఏ దేశంలో నివసిస్తున్నారని అక్కడ సాధారణంగా ఎవరూ అడగరు. తప్పు బయటపడేది ఆ కొడుకు పొలం అమ్మి డబ్బు తీసుకెళ్లబోయినప్పుడు, బ్యాంకువారు ఆస్తి ఎలా వచ్చిందని కాగితాలు అడిగినప్పుడు. ఫెమా ఉల్లంఘనకు జరిమానా ఆ లావాదేవీ విలువకు మూడు రెట్ల వరకు ఉండవచ్చు.

దీనికి మార్గం వీలునామా, దాని ద్వారా వచ్చేది దానం కాదు, వారసత్వమే. దానికి స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. బతికున్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అయినా రిజిస్టరు చేయించుకుంటే రేపు దాయాదుల మధ్య పేచీ తగ్గుతుందని నా అనుభవం.

గ్రీన్‌కార్డుకూ పౌరసత్వానికీ తేడా తెలియకపోవడం వల్ల కూడా అనవసరపు ఆందోళన పుడుతోంది. గ్రీన్‌కార్డు వచ్చినంత మాత్రాన ఎవరూ భారత పౌరసత్వం కోల్పోరు. ప్రవాస ఓటరుగా 6ఎ ఫారంతో పేరు నమోదు చేసుకుని, పోలింగు రోజు ఊరికి వస్తే ఓటు కూడా వేయవచ్చు. అక్కడి పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్నప్పుడే 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం ఇక్కడిది రద్దవుతుంది, పాస్‌పోర్టును తిరిగి అప్పగించాలి. ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా వంటిదే తప్ప రెండో పౌరసత్వం కాదు.

పొలం పోతుందన్న భయంతో “నువ్వు ఆ పౌరసత్వం తీసుకోవద్దు” అని పిల్లల చేత ఒట్టు వేయించుకునే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా ఏటా ఏడు శాతమే పరిమితి కాబట్టి మనవాళ్లకు అది చాలా ఆలస్యంగా వస్తుంది. ఆపైన సాధారణంగా మరో అయిదేళ్లకు గాని పౌరసత్వానికి అర్హత రాదు. అప్పటికి ఇక్కడ పెద్దలు మంచాన పడే వయసుకు వస్తారు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారు ఏడాదికి మించి అమెరికా బయట ఉండాలంటే ముందుగానే రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, లేకుంటే కార్డుకే ముప్పు. పౌరులైనవారికి ఆ బెంగ లేదు, ఓసీఐ మీద వచ్చి తల్లి దగ్గర ఎంతకాలమైనా ఉండవచ్చు. అందుకే ఆ ఒట్టు తల్లిదండ్రులకే నష్టమని నేను అనుకుంటున్నాను.

ఇక తిరుపతి చుట్టుపక్కల పిల్లలు పంపిన డబ్బుతో వారి పేరునే ప్లాట్లు కొనేవారు ఒకటి గమనించాలి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేని లేఅవుటులో, రికార్డులలో ఇంకా మెట్టగానే ఉన్న నేలను గజాల లెక్కన కొన్నా అది వ్యవసాయ భూమి కిందికే వచ్చే ప్రమాదం ఉంది. తమ తరఫున ఇక్కడ వ్యవహరించే అధికారమిస్తూ పిల్లలు విదేశం నుంచి పంపే జీపీఏ పత్రాన్ని కూడా, అది ఇక్కడికి అందిన మూడు నెలలలోగా స్టాంపు వేయించుకోవాలి.

రిజిస్ట్రేషన్ల శాఖవారు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. వ్యవసాయ భూమి దానం, విక్రయం దస్తావేజులు స్వీకరించేటప్పుడు, పుచ్చుకునేవారి పౌరసత్వాన్నీ ప్రస్తుత నివాస దేశాన్నీ అడిగి నమోదు చేయాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలన్నిటిలో, విదేశంలో ఉన్న బిడ్డకు పొలం దానంగా రాకూడదన్న నిబంధనను తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించి, పెద్దవాళ్లు తమ వంతు కోసం కూర్చునే చోట పెట్టించాలి. ఉభయ జిల్లాల రిజిస్ట్రార్లు ఈ విన్నపాన్ని పరిశీలించవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
చిత్తూరు