అడిగినవారికో ధర, అడగనివారికో ధర

సంపాదకులకు నమస్కారం.

ఖరీదైన ఆడియో సామాను అమ్మే డీలర్ల దగ్గర జరిగే బేరాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది డబ్బున్నవాళ్ల గొడవ, పత్రికకి ఎక్కేంత విషయమా అని కొందరు అనుకోవచ్చు. కానీ ఇవి కొనేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి దాచుకుని ఒక్కసారి కొని, 20 ఏళ్లు భద్రంగా వాడుకునే మామూలు ఉద్యోగులు, రిటైరైనవాళ్లు.

నేను మొదటిసారి యాంప్లిఫైయరు, స్పీకర్ల జత కొన్నప్పుడు చీటీ మీద ఎంతుంటే అంత ఇచ్చేశాను. మర్యాదగా కూర్చోబెట్టి రెండు గంటల సేపు విసుక్కోకుండా పాటలు వినిపించిన మనిషిని తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు. కొన్ని నెలల తర్వాత, అదే డీలర్ దగ్గర అదే జత కొన్న ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన చేసిందల్లా "చివరి ధర ఎంతండీ?" అని అడగడమే. దానికే 10 శాతం పైగా తగ్గించి, స్పీకర్ స్టాండ్లు ఊరికే ఇచ్చారట, ఆ స్టాండ్లకి నేను విడిగా డబ్బు కట్టాను. డీలర్ నాతో అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. నేను తప్పుపడుతున్నది సరిగ్గా ఆ పద్ధతినే. ఒక వస్తువు ధర కొనేవాడి మొహమాటాన్ని బట్టి మారకూడదు.

డీలర్ల కష్టం నాకు తెలియనిది కాదు. శబ్దం సరిగ్గా వినపడేలా ఒక గదిని సిద్ధం చేయాలి, డెమో పీసుల మీద పెట్టుబడి పెట్టి కూర్చోవాలి, పైగా వచ్చేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. కాబట్టి మార్జిన్ కాస్త ఎక్కువే ఉండాలి, అందులో తప్పేమీ లేదు. ఆ గదిలో వరసగా మూడు శనివారాలు కూర్చుని, అన్నీ మార్చి మార్చి విని, నచ్చింది ఎంచుకున్నాక వెళ్లి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లని నేను అస్సలు సమర్థించను. వేరేచోట తక్కువకి దొరికితే ఆ సంగతి ముందు ఈ డీలర్‌కే చెప్పి, మీరు ఎంతకిస్తారని అడగడం కనీస న్యాయం.

అయితే తగ్గించాలని ఉన్నా చేతులు కట్టేసిన డీలర్లు కూడా ఉంటారు. ఈ ధరకి తగ్గి అమ్మితే సరుకు ఆపేస్తామని తయారీ కంపెనీ ఒత్తిడి తెస్తే చిన్న దుకాణంవాడు ఏం చేయగలడు? ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2018 జూలైలో యూరోపియన్ కమిషన్ ఆసుస్, డెనాన్ అండ్ మరాంట్జ్, ఫిలిప్స్, పయనీర్ కంపెనీలకి, ఆన్‌లైన్ అమ్మకందారులు ధర తగ్గించుకోకుండా అడ్డుపడినందుకు మొత్తం 11.1 కోట్ల యూరోలు దాటిన జరిమానా వేసింది. ఆ పేర్లలో ఆడియో ప్రియుల ఇళ్లలో ఉండేవి ఎన్నో మీరే చూడండి. ఇలాంటి ఒత్తిడి ఉన్నచోట తగ్గింపు బోర్డు మీదకి రాదు, తలుపు దగ్గర గుసగుసగా వస్తుంది, అది కూడా గట్టిగా అడిగినవాళ్లకే.

ఇంకో విషయం, అసలు బేరం ధర దగ్గర మొదలవదు, వినే దగ్గరే మొదలవుతుంది. రెండు యాంప్లిఫైయర్లలో ఒకటి కాస్త గట్టిగా మోగితే, అది గట్టిగా ఉందని కాక బాగుందని మనకి అనిపిస్తుంది, ఒక్క డెసిబెల్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తేడా చాలు. అందుకే రెండింటి వాల్యూమ్ సమానంగా ఉందో లేదో మీటరుతో చూపించమని అడగాలి. స్పీకర్ల సంగతి మరీనూ. అంతే కరెంటు శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో ప్రతి స్పీకరుకీ డెసిబెల్‌లలో ఒక అంకె ఇస్తారు. ఒకే సెట్టింగ్‌లో 90 డెసిబెల్ స్పీకరు 87 డెసిబెల్ స్పీకరు కంటే గట్టిగా మోగుతుంది, రెండోది దానితో సమానం కావాలంటే రెట్టింపు వాట్లు కావాలి. ఈ సంగతి చెప్పకుండా పక్కపక్కన పెట్టి వినిపించి, విన్నారుగా తేడా అంటే, అది డెమో కాదు.

కేబుళ్ల దగ్గర కూడా జాగ్రత్తపడాలి. యాంప్లిఫైయరు మీద తగ్గించింది కేబుళ్ల మీద తిరిగి లాక్కోవడం నేను కళ్లారా చూశాను. మామూలు గదిలో నాలుగైదు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి తీగ సరిపోతుంది. ఇది తెలిసిన డీలర్లు కూడా కొనేవాడికి చెప్పరు.

డబ్బు తగ్గకపోయినా అడగదగినవి ఉంటాయి. పెట్టె ఇంటికి తీసుకెళ్లి మన గదిలో వారం విని నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలు నా దృష్టిలో చిన్న డిస్కౌంటు కంటే విలువైనది, ఎందుకంటే షోరూమ్ గదీ మన గదీ ఒకేలా పలకవు. ఏడాదిలోపు పై మోడల్‌కి మారితే పాతదానికి ఎంత వెల కట్టి తీసుకుంటారో కూడా అడగొచ్చు. డెమో పీసు, పాత మోడల్ అయితే తగ్గింపు బాగానే దొరుకుతుంది. స్పీకర్లు కొన్నాళ్లు షోరూములో మోగినంత మాత్రాన పాడవవు, కానీ రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్‌కి ఉండే కార్ట్రిడ్జ్ (రికార్డు మీద ఆనే సూది బిగించిన భాగం) విషయం వేరు, దాని సూది అరుగుతుంది. వాల్వ్ యాంప్లిఫైయర్లలో వాల్వులు (బల్బుల్లాంటి గాజు గొట్టాలు) కూడా అంతే, వాడేకొద్దీ అరిగిపోతాయి.

డీలర్లకి నా విన్నపం పెద్దదేమీ కాదు. ఎవరు వచ్చి అడిగినా, అడగకపోయినా ఒకే కొటేషన్ కాగితం ఇవ్వండి. అందులో జాబితా ధర, మీరిచ్చే చివరి ధర, ఇంటికి చేర్చి బిగించే ఖర్చు, సీరియల్ నంబరు, వారంటీ కంపెనీదా మీదా అన్నది విడివిడిగా ఉండాలి. కొనుగోలుదారుల సంఘాలు ఈ కాగితం కోసం పట్టుబట్టాలని, మీ పత్రిక కూడా ఈ విషయం మీద డీలర్లనీ కంపెనీలనీ అడిగి రాయాలని కోరుతున్నాను. డెమో పీసు అమ్మేటప్పుడు అది ఎన్నాళ్లుగా షోరూములో ఉందో, టర్న్‌టేబుల్ అయితే సూదిని ఎన్ని గంటలు వాడారో కూడా డీలర్లు ఆ కాగితం మీదే రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు