మా తమ్ముడు ఇంటికొచ్చాడు, ఆ మేడం గారికి వెయ్యి దణ్ణాలు

నిన్న సాయంత్రం మా తమ్ముడు విజయవాడ గాంధీనగర్ జైలు నుంచి బయటికొచ్చాడు. వచ్చింది బెయిల్ మాత్రమే, కేసు అలాగే ఉంది. కోర్టులో తేలాల్సింది తేలుతుంది, ఆ సంగతి ఇక్కడ ఎత్తను. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి కానీ ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాయకపోతే మనసు ఊరుకునేలా లేదు.

మా ఆయన, అత్తయ్య, నరసరావుపేట పిన్నివాళ్ళు అందరూ నిలబడ్డారు. వాళ్ళు కాకపోతే ఇంకెవరు నిలబడతారు! నేను చెప్పాలనుకుంది ఒక మేడం గారి గురించి. ఉచితంగా న్యాయ సాయం అందించే సర్కారు సంస్థ ఉంది కదా, న్యాయ సేవాధికార సంస్థ, దాని తరఫున జైలుకి వచ్చే పారా లీగల్ వాలంటీర్ ఆవిడ. అంటే లాయరు కాదు, మాలాంటివాళ్ళకి ఆ సాయం అందేలా చూసే మనిషి. పేరు రాయొద్దన్నారు, రాయను.

వాడు రిమాండుకి వెళ్ళిన దగ్గర్నుంచి అందరూ నన్ను అడిగింది ఏం తీశాడు, ఎంత తీశాడు, లాయరుకి ఎంతిచ్చారు అనే. ఆవిడ లోపల వాడితో మాట్లాడి, నా నంబరు తీసుకుని ఫోన్ చేశారు. నేను షాపులో మిషను మీద ఉన్నాను. "మీ తమ్ముడికి ఫిట్స్ ఉన్నాయట కదమ్మా, ఏ మాత్ర వాడతాడు, పూటకెంత?" అన్నారు. అంతే, ఎంత ఆపుకున్నా ఆగలేదు, కస్టమర్ల ముందే ఏడ్చేశాను. అన్ని సంతకాలు పెట్టించుకున్నారు గానీ మాత్రల ఊసు అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మాత్రం ఓదార్పులేం మొదలుపెట్టలేదు. "ఏడుపు తర్వాత, ముందు డాక్టరు చీటీ ఫొటో పెట్టు" అన్నారు. మర్నాటికల్లా జైలు డాక్టరు గారు మాత్రలు మొదలుపెట్టారు.

ఆవిడ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. మనిషికో పేజీ. పైన కేసు నంబరు, దాని కింద ఎర్ర పెన్నుతో వాయిదాలు, పక్కన ఇంటివాళ్ళ ఫోను. మా వాడి పేజీలో "ఫిట్స్, రాత్రి మాత్ర" అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది. వాయిదా ముందు రోజు రాత్రి తప్పకుండా ఫోన్ వచ్చేది: "రేపు పదిన్నరకల్లా కోర్టు హాలు దగ్గరుండు. ఆధార్ మర్చిపోకు." డబ్బులు తీసుకున్న లాయరు గారు ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. ఆయన సంగతి వదిలేద్దాం. కస్టడీలో ఉన్న మనిషికి, ఆదాయంతో పని లేకుండా, సర్కారు ఖర్చుతో లాయరుని పెట్టాలని 1987 చట్టంలోనే ఉందట. ఆ ముక్క కూడా ఈవిడే చెప్పారు.

బెయిల్ వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, ఇంటి పన్ను రసీదులతో. మాది సింగ్‌నగర్, అద్దె ఇల్లు. చుట్టుపక్కల సొంతిళ్ళున్నవాళ్ళు లేకపోలేదు, కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు బీరువాలే మునిగాయి, కాగితాలు మిగులుతాయా? ఎదురింటి బాబాయి గారు తెచ్చిన కట్ట విప్పితే రసీదులు ఒకదానికొకటి అంటుకుపోయి ఊడి రావడం లేదు. కోర్టు బయట "జామీను మేం పెడతాం" అంటూ చుట్టూ చేరినవాళ్ళు చెప్పిన రేటు విని వెనక్కి తిరిగొచ్చాను. ఆర్డరు చేతిలో ఉంది, మనిషి లోపల ఉన్నాడు!

బెయిల్ వచ్చి వారం దాటినా మనిషి బయటికి రాకపోతే జైలువాళ్ళు న్యాయ సేవా సంస్థకి చెప్పాలని, నెలలోగా జామీను పెట్టుకోలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలోనే చెప్పిందట. ఇది మాలాంటివాళ్ళకి ఎవరు చెబుతారు? మేడం గారు న్యాయ సేవా సంస్థ లాయరు గారి చేత పిటిషన్ వేయించారు. జడ్జి గారు ఒక్క జామీనుకి ఒప్పుకున్నారు.

ఇంత చేసినావిడకి నెల జీతం లేదు. పనిచేసిన రోజుకింత అని గౌరవ వేతనం, అదీ చేతికి అందినప్పుడే. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక చార్జీల బాధైనా తప్పిందని నవ్వుతారు. 2022 నుంచి పూర్తికాలం పనిచేసే న్యాయ సహాయ లాయర్లకి నెలనెలా ఇస్తున్నారు కదా, మరి లోపలికీ ఇంటికీ కోర్టుకీ మధ్య తిరిగే మనిషికి ఎందుకివ్వరు? జామీను డబ్బు కట్టలేని పేద ఖైదీలకి ఆ డబ్బు ఇచ్చే పథకం 2023లో కేంద్రం తెచ్చింది. మంచిదే. కానీ ఆ డబ్బు కావాల్సిన ఖైదీ ఎవరో చూసి కాగితం కదిలించాల్సింది మళ్ళీ ఒక మనిషేగా! 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో నూటికి 75 మందికి పైగా విచారణ పూర్తికానివాళ్ళే. ఆవిడ నోట్‌బుక్ అయిపోతే కొత్తది కూడా ఆవిడే కొనుక్కుంటున్నారు. ఈ పనికంటూ బడ్జెట్‌లో విడిగా డబ్బు పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. ఇలాంటి కష్టంలో ఎవరైనా ఉంటే 15100కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు.

అయ్యో, జామీను పెట్టినాయన గురించి చెప్పనే లేదు! మా షాపు ఓనరు గారు, వన్‌టౌన్‌లో సొంతిల్లు, రెండో మాట లేకుండా వచ్చి సంతకం పెట్టారు. అన్నా, మీకు చాలా థ్యాంక్స్. చిల్లర లేదంటే "రేపివ్వక్కా" అన్న కోర్టు దగ్గర జిరాక్సు అబ్బాయికీ, మా పాపని బడి నుంచి తెచ్చి అన్నం పెట్టిన పక్కింటి రమాదేవక్కకీ కూడా. ములాఖత్ దగ్గర నీడలో కూర్చోమన్న కానిస్టేబుల్ గారికీ.

ఇంకొకరున్నారు. నిన్న రాత్రి జైలు దగ్గర్నుంచి మమ్మల్ని సింగ్‌నగర్ తీసుకొచ్చిన ఆటో అబ్బాయి డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. హడావుడిలో నంబరు చూసుకోలేదు. ఈ పోస్టు నీకు కనబడితే మెసేజ్ పెట్టు బాబూ, నీ చార్జీ తీసిపెట్టాను.