వాసనను బట్టి ఘాటు చెప్పలేం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో పైపు పొగాకు గురించి వేసిన వ్యాసం చదివాను. వెనిలా, చాక్లెట్ వాసన వచ్చే రకాలు మృదువైనవని, కొత్తవారికి తేలికని రాశారు. నల్లగా ఉండి పొగచూరిన వాసన కొట్టేవి బలమైనవన్నారు. రెండూ తప్పే. నేను పైపు ముట్టలేదు. కానీ జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించాను, పైపు తాగే మనిషితో కాపురమూ చేశాను. మావారు నాగార్జునసాగర్ కాలువల మీద ఇంజనీరు. హిల్ కాలనీ క్వార్టర్సులో మా పోపుల డబ్బా పక్కనే ఆయన పొగాకు డబ్బాలుండేవి.

పొగాకు వాసన వేరు, ఘాటు వేరు. ఘాటంటే నికోటిన్. అది ఆకు రకాన్ని బట్టి, మొక్కకు ఆకు ఎంత ఎత్తున కాసిందన్నదాన్ని బట్టి మారుతుంది. పై ఆకుల్లో ఎక్కువ, కింది ఆకుల్లో తక్కువ. వాసన మాత్రం చాలావరకు ఆ తర్వాత మనుషులు పట్టించేది.

గుంటూరు, ప్రకాశం వైపు రైతులు పండించే వర్జీనియా ఆకును బ్యారన్లలో, అంటే పొగాకు ఆరబెట్టే గదుల్లో, రేకు గొట్టాల వేడితో సుమారు వారంలో ఆరబెడతారు. ఆకులోని చక్కెర అలాగే నిలిచిపోతుంది. నూటికి 15, 20 పాళ్లు ఉండడం మామూలే. బర్లీ అనే రకాన్ని షెడ్డు నీడలో వారాల తరబడి గాలికి వేలాడదీస్తారు. ఆకు ఇంకా బతికే ఉండి తన చక్కెరను తానే ఖర్చుపెట్టుకుంటుంది. చప్పబడిన ఆ ఆకు కోకో, అతిమధురం, వెనిలా, దేన్ని పోసినా పీల్చుకుంటుంది. మీ వ్యాసం మెచ్చుకున్న చాక్లెట్ వాసన వెనుక చాలాసార్లు ఈ బర్లీయే ఉంటుంది. దానిలో నికోటిన్ తక్కువేమీ కాదు.

ఇంకో సంగతి మీ వ్యాసకర్త దృష్టికి రాలేదు. వర్జీనియా పొగ ఆమ్ల స్వభావం కలది. ఆమ్లంలో నికోటిన్ లవణంగా ఉండిపోయి నోటి పొరలోంచి అంత సులువుగా దిగదు. బర్లీ పొగ క్షారం వైపు మొగ్గుతుంది కాబట్టి, పొగ మింగకపోయినా బుగ్గల్లోంచే నికోటిన్ రక్తంలోకి పోతుంది. తంబాకులో సున్నం నలిపి బుగ్గన పెట్టుకునే మా ఊరి పెద్దలకు ఈ సూత్రం ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

మా మరిది ఒక రాత్రి భోజనాలయ్యాక వాసన బాగుందని చాక్లెట్ వాసన వచ్చే పొగాకు డబ్బా అందుకుని తాగాడు. పావుగంటలో చెమటలు, ఎక్కిళ్లు, ఆపైన వాంతి. మావారికి ఇష్టమైన లటాకియా అనే నల్లటి పొగాకు డబ్బా మూత తీస్తేనే పక్క క్వార్టరు వాళ్లు కిటికీలు మూసేవారు. సైప్రస్ నుంచి వచ్చే ఆ ఆకును ముందు ఎండబెట్టి, ఆపైన చెక్క పొగలో మగ్గబెడతారు. అందుకే తారు కాలినట్టు వాసన. నికోటిన్ మాత్రం స్వల్పం. అలవాటున్నవారిని లేనివారితో పోల్చకూడదని నా విద్యార్థులే అంటారు కాబట్టి ఇదీ చెబుతున్నాను: తర్వాతి సెలవులకు వచ్చినప్పుడు అదే మరిది ఆ నల్లటిదాన్ని తాగి, నిక్షేపంగా కూర్చుని పేకాడాడు.

‘నాలుక మండితే అది ఘాటు పొగాకు’ అని రాసిన వాక్యం మరీ అన్యాయం. మన నల్లగొండ ఎండల్లో డబ్బా మూత సరిగా పెట్టకపోతే పొగాకు గలగలలాడుతుంది. ఎండిన ఆకు గబగబా, వేడిగా కాలుతుంది. ఆత్రంగా పీల్చేవారికి ఎంత మృదువైన వర్జీనియా అయినా నాలుకను చురుక్కుమనిపిస్తుంది. మరీ తడిగా ఉన్నా ఆవిరితో అంతే. మావారు డబ్బాలో తడిపిన కుండపెంకు ముక్క ఒకటి వేసి, నెమ్మదిగా, నిప్పు ఆరుతుందేమో అన్నంత నెమ్మదిగా పీల్చేవారు. వేసవిలో ఆ పెంకును తడిపే పని నాదే.

మృదువైనదన్నంత మాత్రాన పెదవికి, నాలుకకు, గొంతుకు క్యాన్సర్ ముప్పు తగ్గదు. 2004లో మన దేశం ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 11వ అధికరణం, ‘లైట్’ లాగే ‘మైల్డ్’ అన్న ముద్రను కూడా జనాన్ని తప్పుదారి పట్టించే మాటల్లో చేర్చింది. నికోటిన్ పాళ్లు డబ్బా మీద ఉండాలన్న మాట మన 2003 పొగాకు చట్టంలోనూ ఉంది. మా ఇంటికి వచ్చిన డబ్బాల మీద వెనిలా పువ్వులు, ఓడలు, గడ్డాల ముసలివారు కనిపించారు కానీ ఆ అంకె నా కంటపడలేదు.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. కొత్తవారికి ఏ రకం తేలికన్న సలహాను పూర్తిగా తీసేయండి. ఆ అనుబంధం మా వీధిలో ఇంటర్ పిల్లలు కూడా చదువుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
నల్లగొండ